మొక్కల పిచ్చి ఉన్నోళ్లకి క్రిస్మస్ గిఫ్ట్: జనగామ, మానుకోట, భూపాలపల్లిలో వాడించి చూసిన గ్యాడ్జెట్లు ఇవీ

డిసెంబర్ వచ్చిందంటే మనకి వచ్చే మెసేజ్‌లు అన్నీ ఒకేలా ఉంటాయి. "అన్నా, బడ్జెట్ రెండు వేలు, గిఫ్ట్ చెప్పు." ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంక్, స్మార్ట్ వాచ్ అని మూడు లింకులు పంపితే అయిపోతుంది. కానీ ఈ ఏడాది కొంచెం వేరే ప్రశ్నలు వచ్చాయి. "మా అమ్మకి ఫోన్ అక్కర్లేదు, వాచ్ అక్కర్లేదు. మిద్దె మీద అరవై కుండీలు ఉన్నయ్, అవే లోకం. ఆమెకి ఏం కొనాలి?"

మంచి ప్రశ్న. ఎందుకంటే ఆన్‌లైన్లో "గార్డెనర్లకి క్రిస్మస్ గిఫ్ట్స్" అని వెతికితే వచ్చే లిస్టులు మనకోసం రాసినవి కావు. మంచు కప్పే షీట్లు, వేడి చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు... అదంతా డిసెంబర్‌లో తోట నిద్రపోయే దేశాల సంగతి. మన దగ్గర డిసెంబర్ అంటే తోట ఫుల్ స్వింగ్‌లో ఉండే నెల. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, చిక్కుడు, బంతి, చామంతి అన్నీ ఇప్పుడే. మనోళ్ల సమస్యలు కూడా వేరే: నీళ్లు, కోతులు, ముడత, మార్చి తర్వాత ఎండ. గిఫ్ట్ అనేది వీటిలో ఒక్కదానికైనా జవాబు కావాలి. లేకపోతే వారం తర్వాత అటక మీదకి పోతుంది.

అందుకే నవంబర్ నెలంతా కొన్ని వస్తువుల్ని మూడు చోట్ల ఇచ్చి వాడించాను. జనగామలో ఒక రిటైర్డ్ టీచరమ్మ మిద్దె తోట. మహబూబాబాద్‌లో మిరప, టమాట కుండీలు పెంచే ఒక అక్క ఇల్లు. భూపాలపల్లిలో ఒక క్వార్టర్ పెరడు. ఈ మూడూ 2016 అక్టోబర్ 11 దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివే. ఇప్పుడు మూడు జిల్లా కేంద్రాలు, తోటల కష్టాలు కూడా మూడు రకాలు.

మార్కులు వేయడానికి నేను పెట్టుకున్న రూల్స్ మూడే. ఒకటి, రెండు వారాల తర్వాత కూడా ఆ వస్తువు వాడుకలో ఉందా? రెండు, తోట పెంచే మనిషి మీ సాయం లేకుండా వాడగలదా? మూడు, బ్యాటరీ, వాషర్, పైపు లాంటివి ఆ ఊళ్లోనే దొరుకుతాయా? డిజైన్, ప్యాకింగ్, యాప్ లుక్ వీటికి మార్కుల్లేవు.

1. ట్యాప్ టైమర్: ఇంటికి తాళం వేసే స్వేచ్ఛ

ధర: సుమారు 1,500 నుంచి 2,500
రేటింగ్: 9/10 (సరైన రకం కొంటేనే)

తోట ఉన్న ఇంట్లో అసలు బాధ ఏంటో తెలుసా? ఊరు వెళ్లలేకపోవడం. జనగామ టీచరమ్మ కూతురు ఉండేది సికింద్రాబాద్‌లో, రైలెక్కితే ఎంతో దూరం కాదు. అయినా క్రిస్మస్‌కి వెళ్తే పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావడమే. "రెండు రోజులు నీళ్లు పడకపోతే కుండీలు ఎండిపోతయ్ కదా బాబూ" అనేది ఆమె లెక్క. నేలలో ఉన్న చెట్టు వేర్లు లోపలికి పోయి తడి వెతుక్కుంటాయి. కుండీలో మొక్కకి ఆ అవకాశం లేదు. ఆమె భయం నిజమే.

ట్యాప్ టైమర్ దీనికి మందు. నల్లాకి బిగించి, ఏ టైంకి ఎన్ని నిమిషాలు నీళ్లు వదలాలో సెట్ చేస్తే చాలు. ఎక్కువ మోడళ్లు రెండు మామూలు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తాయి, అంటే కరెంటు పోయినా పని ఆగదు.

ఇక్కడే ఒక పెద్ద మెలిక ఉంది. ఆన్‌లైన్ రివ్యూల్లో "నీళ్లు రావట్లేదు, వేస్ట్" అనే వన్ స్టార్ రేటింగుల్లో చాలావాటికి కారణం ఇదే. టైమర్లలో రెండు రకాలు. ఒకటి సోలినాయిడ్ వాల్వ్, రెండోది బాల్ వాల్వ్. సోలినాయిడ్ రకం తెరుచుకోవడానికి నీటి ఒత్తిడి సాయం కావాలి, మామూలుగా అర బార్ అయినా ఉండాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లు ఇచ్చే ఒత్తిడి దాదాపు ఒక బార్. మరి మిద్దె తోటలో ట్యాంక్ ఎక్కడుంటుంది? అదే మిద్దె మీద, దిమ్మె కట్టి ఒకటిన్నర రెండు మీటర్ల ఎత్తులో. అంటే 0.2 బార్. సోలినాయిడ్ టైమర్ క్లిక్‌మని సౌండ్ చేస్తుంది తప్ప నీళ్లు వదలదు.

బాల్ వాల్వ్ టైమర్‌లో చిన్న మోటార్ ఒక బంతిని తిప్పి దారి తెరుస్తుంది. దీనికి ఒత్తిడితో పని లేదు. స్పెసిఫికేషన్లలో "జీరో ప్రెషర్" లేదా "0 బార్ నుంచి" అని రాసి ఉంటే అది ఈ రకం. మిద్దె తోటకి ఇదొక్కటే కొనాలి. గ్రౌండ్ ఫ్లోర్‌లో తోట ఉండి, ట్యాంక్ రెండు అంతస్తుల పైన ఉంటే ఏదైనా నడుస్తుంది.

ఇంకో చిక్కు. టైమర్ల మూతి ఎక్కువగా ముప్పావు ఇంచీ మరలతో వస్తుంది, మన నల్లాలు చాలావరకు అర ఇంచీవి. హార్డ్‌వేర్ షాపులో అడాప్టర్, ఒక టెఫ్లాన్ టేప్ చుట్ట కొని అదే డబ్బాలో పెట్టండి. గిఫ్ట్ విప్పిన రోజే బిగించేలా ఉండాలి.

డ్రిప్ సెట్ కూడా కలిపి ఇస్తే గిఫ్ట్ పూర్తవుతుంది. చిన్న సన్న పైపులు, తిప్పితే ధార పెరిగే డ్రిప్పర్లు ఉన్న మామూలు కిట్ చాలు. "ప్రెషర్ కాంపెన్సేటింగ్" అని రాసిన ఖరీదైన డ్రిప్పర్లు తక్కువ ఒత్తిడిలో సరిగా పనిచేయవు. ట్యాంక్ నుంచి పైపు మొదలయ్యే చోట చిన్న జాలీ ఫిల్టర్ తప్పనిసరి, లేకపోతే అడుగున ఉండే మడ్డి నెలలోపే రంధ్రాల్ని మూసేస్తుంది. బిగించాక ఒక టెస్ట్ చేయండి. మొదటి కుండీ దగ్గర ఒక సీసా, చివరి కుండీ దగ్గర ఒక సీసా పెట్టి పది నిమిషాలు వదలండి. మేము చేసినప్పుడు మొదటిది నిండింది, చివరిది సగమే. ముందున్న డ్రిప్పర్లని కొంచెం బిగించి, చివరివి వదులు చేస్తే సమానమైంది.

టీచరమ్మ నవంబర్‌లో నాలుగు రోజులు కూతురింట్లో ఉండి వచ్చారు. వెళ్లేముందు మూడు రోజులు ఇంట్లోనే ఉండి, టైమర్ తన పని తను చేస్తుందో లేదో కాపలా కాశారు, అది వేరే విషయం. తిరిగొచ్చాక ఒక తులసి కొంచెం వాడింది, మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయి. ఈ లిస్టులో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

2. టీడీఎస్ మీటర్: చిన్న పెన్ను, పెద్ద ఉపయోగం

ధర: సుమారు 200 నుంచి 500
రేటింగ్: 8/10

కుండీల అంచుల మీద తెల్లటి పొర, ఆకుల కొసలు ఎండిపోయి గోధుమ రంగు. చూడగానే "ఎరువు చాల్లేదు" అని ఇంకా వేస్తారు. చాలాసార్లు అసలు కారణం బోరు నీళ్లలో ఉప్పులు. ఎరువు వేస్తే ఉప్పు ఇంకా పెరుగుతుంది.

టీడీఎస్ మీటర్ నీళ్లు కరెంటుని ఎంత మోస్తున్నాయో కొలిచి, దాన్ని పీపీఎం లెక్కలోకి మార్చి చూపిస్తుంది. తాగునీటికి బీఐఎస్ పెట్టిన పరిమితి లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా. మొక్కలకి ఇదే లెక్క కాకపోయినా, పోల్చుకోడానికి ఒక కొలబద్ద దొరుకుతుంది. బోరు నీళ్లు, భగీరథ నల్లా నీళ్లు, వాన నీళ్లు మూడూ మూడు గ్లాసుల్లో పట్టి కొలిస్తే ఇంట్లో ఏ నీళ్లు మొక్కలకి వాడాలో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ముఖ్యంగా ఆర్వో వేస్ట్ నీళ్లు మొక్కలకి పోసేవాళ్లకి ఇది కచ్చితంగా ఇవ్వాలి. ఆర్వో మిషన్ ఉప్పుని మాయం చేయదు, పక్కకి తోస్తుంది. ఆ వేస్ట్ నీళ్లలో ఉప్పు బోరు నీళ్లకంటే ఎక్కువే ఉంటుంది. మామూలు నీళ్లు కలిపి పోయొచ్చు, కానీ ఎంత కలపాలో మీటర్ చెప్పాలి. కొబ్బరి పొట్టు ఇటుక నానబెట్టిన నీళ్లని కూడా దీనితోనే కొలవొచ్చు. రీడింగ్ బాగా ఎక్కువ ఉంటే ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి వాడితే మొక్క బతికిపోతుంది.

ఒక్క హెచ్చరిక. ఇది ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, క్రిములు ఉన్నాయో లేదో చెప్పదు. "తక్కువ చూపించింది కాబట్టి తాగొచ్చు" అనుకోవద్దని గిఫ్ట్ ఇచ్చేటప్పుడే చెప్పండి.

3. మాక్రో లెన్స్, జిగురు అట్టలు: మిరప పెంచే ప్రతి ఇంటికీ

ధర: లెన్స్ సుమారు 400 నుంచి 900, అట్టల ప్యాక్ సుమారు 200 నుంచి 400
రేటింగ్: 9/10

మహబూబాబాద్ జిల్లాలో మిరప అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. 2021-22 సీజన్‌లో కొత్త రకం తామర పురుగు, శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పినస్ అని పిలిచేది, తెలంగాణ మిరప తోటల్ని ఎలా ఊడ్చేసిందో రైతుల ఇళ్లలో పుట్టినోళ్లకి బాగా గుర్తుంటుంది. ఎకరాల్లో నష్టం ముందు కుండీల్లో నాలుగు మొక్కలది చిన్న విషయమే. కానీ పురుగు అదే, గుర్తుపట్టే పద్ధతి కూడా అదే.

కష్టమల్లా ఆ పురుగు సైజు ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల ఉండటమే. కంటికి గీతలా కనిపిస్తుంది. మీ బడ్జెట్ ఫోన్‌లో "2 మెగాపిక్సెల్ మాక్రో" కెమెరా ఉంది కదా అంటారేమో. ఫ్రెండ్స్, ఆ కెమెరా సంగతి మనం ఎన్ని రివ్యూల్లో చెప్పుకున్నాం! ఫోకస్ ఫిక్స్ అయి ఉంటుంది, డీటెయిల్ ఉండదు, డబ్బా మీద కెమెరాల సంఖ్య పెంచడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్‌తో మాక్రో తీసే ఫోన్లు బాగుంటాయి, కానీ అవి ఖరీదు ఎక్కువ.

దానికి బదులు క్లిప్ లెన్స్ కొనండి. 10 నుంచి 15 రెట్లు పెద్దది చేసి చూపించేది చాలు. మెయిన్ కెమెరా మీద పెట్టాలి, ఆకుకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవాలి, ఫోన్ నీడ ఆకు మీద పడకుండా చూసుకోవాలి. గాలికి ఆకు కదులుతుంటే ఫోటో బదులు 4కే వీడియో తీసి, స్పష్టంగా ఉన్న ఫ్రేమ్ పట్టుకోండి. ఇంకా ఈజీ చిట్కా: పూతని తెల్ల కాగితం మీద నెమ్మదిగా తట్టండి. రాలిన పురుగులు కాగితం మీద నడుస్తుంటే తీయడం సులువు.

ఇది చూసి ఏం చేయాలి? మిరప పెంచేవాళ్లు పై ముడత, కింది ముడత అంటారు. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే అది తామర పురుగు పని. కిందికి తిరగబడ్డ దోనెలా ముడుచుకుంటే నల్లి పని. రెండిటికీ మందు వేరు. నల్లికి నీళ్లలో కరిగే గంధకం పనిచేస్తుంది, తామర పురుగుకి అది సరైన మందు కాదు. పురుగేదో తెలియకుండా షాపువాడు ఇచ్చింది కొట్టడం వల్లే చాలామంది మొక్కల్ని పోగొట్టుకుంటున్నారు. మానుకోట అక్క కుండీల్లో లెన్స్ పెట్టి చూస్తే రెండు కుండీల్లో తామర పురుగు, మూడో దాంట్లో నల్లి. అప్పటిదాకా మూడింటికీ ఒకటే మందు పడుతోంది.

జిగురు అట్టల్లో కూడా రంగు ముఖ్యం. తామర పురుగు నీలం రంగుకి బాగా వస్తుంది, తెల్లదోమ, పేనుబంక పసుపుకి వస్తాయి. రెండు రంగులూ ఉన్న ప్యాక్ తీసుకోండి. ఇవి పురుగుని పూర్తిగా ఆపవు, కానీ "వచ్చేసింది" అని ముందే చెప్తాయి. మన భాషలో చెప్పాలంటే ఇది నోటిఫికేషన్, యాంటీవైరస్ కాదు.

లెన్స్‌తో పాటు ఫోన్‌లో రెండు యాప్‌లు వేసి ఇవ్వండి. మొక్క పేరు తెలుసుకోడానికి ప్లాంట్‌నెట్, తెగులు గుర్తుపట్టడానికి తెలుగులో కూడా ఉన్న ప్లాంటిక్స్. యాప్ చెప్పింది మొదటి అంచనా అనుకోవాలి, తీర్పు అనుకోకూడదు. మందు పేరు కనిపించగానే పరుగెత్తకుండా, లెన్స్‌తో పురుగుని చూసి నిర్ధారించుకున్నాకే కొనాలి.

4. చపాటా విత్తనాలు: జీఐ ట్యాగ్ ఉన్న గిఫ్ట్

ధర: వంద రూపాయల చుట్టుపక్కల
రేటింగ్: 8/10

ఇది గ్యాడ్జెట్ కాదు, తెలుసు. కానీ లిస్టులో లేకపోతే తప్పు. టమాటలా గుండ్రంగా, లావుగా, ముదురు ఎరుపు రంగులో ఉండే వరంగల్ చపాటా మిరపకి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్లకి పేరుమోసింది. ఆ దరఖాస్తు వెనక సాయంగా నిలిచింది మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం. అంటే ఇది మన ఇంటి సరుకు.

ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన తేదీ, గడువు, మొలక శాతం చూసి కొనండి. ఇప్పుడే వేస్తే కాయ పడే టైంకి ఎండలు ముదురుతాయి, కాబట్టి "జూన్‌లో నారు పోయాలి" అని చీటీ రాసి పెట్టండి. ఇప్పుడు వేసుకోడానికి దాంతోపాటే కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి ప్యాకెట్లు జత చేయండి.

డోర్నకల్ మాట కూడా ఒకటి చెప్పాలి

క్రిస్మస్, మహబూబాబాద్ రెండూ ఒకే వాక్యంలో వస్తే డోర్నకల్ రాకుండా ఉండదు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో ఆ బాధ్యత తీసుకుని, 1945లో చనిపోయేదాకా పనిచేసింది అక్కడే. ఆయన హయాంలో కట్టిన కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు రెండిటి పోకడా అందులో కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన పండుగని మన మట్టిలో నాటడం అంటే అదీ.

సీఎస్ఐ సంఘాల్లో కోత పండుగ రోజు ఇంట్లో పండిన సొరకాయ, గుమ్మడికాయ, కోడిగుడ్లు తెచ్చి అర్పించడం, తర్వాత వాటిని వేలం వేయడం చాలాచోట్ల ఉంది. ఆ వేలంలో తన పెరటి కాయకి పాట పెరుగుతుంటే పెంచినామె మొహం చూడాలి. తోట పెంచేవాళ్లకి ఏం కావాలో అక్కడ అర్థమవుతుంది. కాయ పండాలి, నలుగురూ చూడాలి. మనం కొనే వస్తువు ఆ పంటకి ఎంతవరకు సాయపడుతుందన్నదే లెక్క.

క్రిస్మస్ అని నర్సరీలో బుల్లి క్రిస్మస్ చెట్టో, ఎర్ర పాయిన్‌సెట్టియానో కొనాలనుకుంటే సరే, కానీ ఒక మాట. పాయిన్‌సెట్టియాలో ఎర్రగా ఉండేవి పువ్వులు కావు, ఆకులు. రాత్రులు పొడుగ్గా, పూర్తి చీకటిగా ఉంటేనే అవి ఎరుపెక్కుతాయి. వీధి లైటు పడే బాల్కనీలో పెడితే వచ్చే ఏడాది పచ్చగానే ఉండిపోతుంది. క్రిస్మస్ చెట్టు అని అమ్మే అరకేరియాకి మన మే నెల ఎండ కష్టం, నీడ ఉండే చోటు ఉంటేనే ఇవ్వండి.

5. సెన్సర్ కిట్: భూపాలపల్లి పెరట్లో మనం చేసే గిఫ్ట్

ధర: అన్నీ కలిపి సుమారు 1,000 నుంచి 1,300
రేటింగ్: 8/10

ఈ ఐటమ్ మీ కోసం. కొని ఇచ్చేది కాదు, చేసి ఇచ్చేది.

ముందు సెన్సర్ల కథ. చవగ్గా దొరికే ఫోర్క్ లాంటి సెన్సర్లు మట్టిలో రెండు కాళ్ల మధ్య కరెంటు పంపి తడి కొలుస్తాయి. ఆ కరెంటుకే కాళ్లు తుప్పు పట్టి కొన్ని వారాల్లో తప్పుడు రీడింగులు మొదలవుతాయి. కెపాసిటివ్ సెన్సర్ వేరు. లోహం మట్టికి తగలదు, మట్టి విద్యుత్ గుణం ఎంత మారిందో కొలుస్తుంది. నీటికి ఆ విలువ దాదాపు 80, ఎండు మట్టికి ఐదు లోపే. అందుకే తేడా బాగా తెలుస్తుంది. ధరలో తేడా చాలా చిన్నది, కెపాసిటివ్‌దే కొనండి.

ఒక ఈఎస్‌పీ32 బోర్డు, రెండు కెపాసిటివ్ సెన్సర్లు, ఒక రిలే, ఒక 5 వోల్టుల చిన్న పంపు, ఒక పాత ఫోన్ ఛార్జర్, ఒక బకెట్. ఇంతే సరుకు. చేసేటప్పుడు ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి:

వైఫై ఆన్‌లో ఉన్నప్పుడు ఈఎస్‌పీ32లో ఏడీసీ2 పిన్నులు చదవవు. సెన్సర్లని 32 నుంచి 39 మధ్యలోని ఏడీసీ1 పిన్నులకే కలపండి.

పంపుని బోర్డు పిన్ను నుంచి నేరుగా నడపొద్దు. రిలే పెట్టి, కరెంటు ఛార్జర్ నుంచి ఇవ్వండి.

సెన్సర్ పైభాగంలో ఉన్న చిప్‌లకి నీళ్లు తగలకూడదు. హీట్ ష్రింక్ గొట్టమో, రెండు పూతల నెయిల్ పాలిషో సరిపోతుంది.

ప్రోగ్రాంలో "ఒక్కసారికి 20 సెకన్లకి మించి పంపు నడవకూడదు" అనే లైన్ తప్పనిసరి. సెన్సర్ ఊడిపోతే బోర్డు "మట్టి ఎండిపోయింది" అనుకుని బకెట్ మొత్తం పోసేస్తుంది.

క్యాలిబ్రేషన్ కూడా అదే మట్టిలో చేయాలి. ఎర్ర చెలక మట్టి నీళ్లని తొందరగా వదిలేస్తుంది, నల్లరేగడి పట్టుకుని కూర్చుంటుంది. ఒకే నంబర్ రెండిటికీ పనికిరాదు. పూర్తిగా ఎండిన కుండీలో ఒక రీడింగ్, నీళ్లు పోసి అడుగు నుంచి కారడం ఆగాక ఇంకో రీడింగ్ తీసుకుని, మధ్యలో గీత పెట్టండి.

భూపాలపల్లి ఇంట్లో వచ్చిన ఇబ్బంది వైఫై. రూటర్ ముందు గదిలో, తోట వెనక పెరట్లో. అందుకే బోర్డు నిర్ణయం తనే తీసుకునేలా రాసి, వైఫైని చూడటానికి మాత్రమే వాడాం. నెట్ ఉన్నా లేకపోయినా మొక్కకి నీళ్లు పడతాయి. మీరు ఏ స్మార్ట్ వస్తువు కొన్నా ఈ ప్రశ్న అడగండి: నెట్ పోతే ఇది పనిచేస్తుందా?

అలాగే, బోరు మోటార్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు, 10 ఆంపియర్ల ప్లగ్ సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. ప్లగ్ లోపలి రిలే అతుక్కుపోతే మోటార్ ఇక ఆగదు. ఎలక్ట్రీషియన్‌తో కాంటాక్టర్ పెట్టించకుండా ఈ పని చేయొద్దు.

6. కత్తెర, స్ప్రేయర్: బ్యాటరీ లేని హీరోలు

ధర: కత్తెర సుమారు 300 నుంచి 600, 2 లీటర్ల స్ప్రేయర్ సుమారు 250 నుంచి 400
రేటింగ్: 9/10

కొమ్మలు కత్తిరించే కత్తెరల్లో బైపాస్ రకం తీసుకోండి. రెండు బ్లేడ్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, పచ్చి కొమ్మ నలగదు. ఒక బ్లేడు బల్లపరుపు దిమ్మె మీద పడే యాన్విల్ రకం ఎండు కొమ్మలకే. గులాబీ, మందార ఉన్న ఇంటికి బైపాస్. పట్టుకునేవాళ్ల చెయ్యి చిన్నదైతే చిన్న సైజే కొనండి. వాడాక తుడిచి చుక్క నూనె వేస్తే ఏళ్ల తరబడి వస్తుంది.

స్ప్రేయర్ విషయంలో రైతుల 16 లీటర్ల బ్యాటరీ పంపు ఇవ్వొద్దు. నీళ్లే 16 కిలోలు, అది భుజాన వేసుకుని మిద్దె మెట్లు ఎక్కాలి. చేత్తో గాలి కొట్టే 2 లీటర్లది చాలు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టాలి. భూపాలపల్లి లాంటి బొగ్గు ఊళ్లో ఇంకో వాడకం కూడా ఉంది: ఆకుల మీద పేరుకున్న దుమ్ము కడగడానికి. క్వార్టర్ పెరట్లో రోజూ వాడిన వస్తువు ఇదొక్కటే.

కలుపు తీసే కుర్పి మాత్రం ఆన్‌లైన్లో కొనకండి. మీ ఊళ్లో కొలిమి నడిచే కమ్మరి ఉంటే ఆయన దగ్గరే చేయించండి. చేతికి తగ్గ పిడి, వంగని ఉక్కు. మొద్దుబారితే సాన పెట్టడానికి సర్వీస్ సెంటర్ కూడా ఆయనే. కొంచెం ఎక్కువ బడ్జెట్ ఉంటే జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో జీఐ గుర్తింపు ఉన్న ఇత్తడి పని దొరుకుతుంది. ఇత్తడి పాత్రలో నేరుగా మట్టి పోయకుండా, లోపల మామూలు కుండీ పెట్టి బయట ఇత్తడి ఉండేలా వాడితే అందం, ఆయుష్షు రెండూ ఉంటాయి.

ఇవి కొనకండి

త్రీ ఇన్ వన్ సాయిల్ మీటర్: బ్యాటరీ లేకుండా తడి, వెలుతురు, పీహెచ్ మూడూ చెప్తానంటుంది. రెండు రకాల లోహాల మధ్య పుట్టే కరెంటుని కొలవడమే దాని పని. ఉప్పు నీళ్లు పోస్తే "తడి ఎక్కువ" అంటుంది. పీహెచ్ రీడింగ్ నమ్మి సున్నం వేస్తే మొక్క పోతుంది. పీహెచ్ కావాలంటే మట్టిని ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

కోతుల్ని తరిమే అల్ట్రాసోనిక్ డబ్బా: మూడు ఊళ్లలోనూ కోతుల గోలే, కాబట్టి ఇది ఆకర్షిస్తుంది. అమెరికాలో ఎఫ్‌టీసీ 2001లోనే ఇలాంటి అల్ట్రాసోనిక్ పురుగుల, ఎలుకల పరికరాలు తయారుచేసే, అమ్మే 60కి పైగా సంస్థలకి, మీ గొప్పలకి శాస్త్రీయ ఆధారం ఉండాలని హెచ్చరికలు పంపింది. కోతి ఇంకా తెలివైంది, శబ్దం ఏమీ చేయదని తెలిస్తే అలవాటు పడిపోతుంది. ఆ డబ్బుతో గట్టి వల లేదా వెల్డెడ్ మెష్ కొనండి. సోలార్ కెమెరా పెడితే టమాటలు ఎవరు తిన్నారో వీడియో వస్తుంది, టమాటలు మాత్రం రావు.

ఊదా రంగు గ్రో లైట్: మన ఎండ ఉచితం. కిటికీ లేని గదిలో మొక్కలు పెంచే అపార్ట్‌మెంట్ వాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. మనకి కావాల్సింది వెలుతురు తగ్గించేది. 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ ఇప్పుడు గిఫ్ట్ ఇస్తే మార్చిలో మిమ్మల్ని తలుచుకుంటారు.

బడ్జెట్ కాంబోలు

500 లోపు: టీడీఎస్ మీటర్, నాలుగు విత్తన ప్యాకెట్లు.
1,000 నుంచి 1,500: క్లిప్ లెన్స్, రెండు రంగుల జిగురు అట్టలు, 2 లీటర్ల స్ప్రేయర్.
2,500 నుంచి 3,500: బాల్ వాల్వ్ టైమర్, డ్రిప్ కిట్, ఫిల్టర్, అడాప్టర్.
చేతిలో డబ్బు లేకపోతే: ఒక ఆదివారం. మట్టి మోయడం, బరువు కుండీలు జరపడం, షేడ్ నెట్‌కి పైపులు బిగించడం. అరవై దాటిన వాళ్లకి కష్టమయ్యేది ఈ పనులే.

ఆర్డర్ చేసే ముందు

పిన్‌కోడ్ వేసి డెలివరీ తేదీ చూడండి. జనగామ హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీదే ఉంది, మహబూబాబాద్ కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఉంది. భూపాలపల్లికి రైలు లేదు, పార్సిల్ రోడ్డు మీదే రావాలి. నాకు జనగామకి వచ్చినదాని కంటే అక్కడికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. 25కి అందాలంటే 15 లోపు ఆర్డర్ పెట్టేయండి. టైమర్, పంపు లాంటివి రిటర్న్ గడువు లోపే ఒకసారి నీళ్లతో టెస్ట్ చేయాలి. పండుగ రోజు దాకా డబ్బా సీల్ విప్పకుండా ఉంచితే గడువు అయిపోతుంది. అందుకే ముందే విప్పి, టెస్ట్ చేసి, మళ్లీ ప్యాక్ చేయండి. గిఫ్ట్ పేపర్ మీద సీల్ ఎవరూ చూడరు.

చివరిగా, ఏది ఇచ్చినా సెటప్ మీరే చేసి ఇవ్వండి. యాప్‌లో అకౌంట్, టైమర్‌లో టైం, తెలుగులో ఒక పేజీ చీటీ, పక్కన మీ నంబర్. తోట పెంచేవాళ్లకి ఇప్పటికే రోజుకి పది పనులున్నాయి. మన గిఫ్ట్ పదకొండోది కాకూడదు, పదిలో ఒకటి తగ్గించాలి. మీ ఇంట్లో మొక్కల పిచ్చి ఉన్నోళ్లకి అందరికీ హ్యాపీ క్రిస్మస్.